మోటారు బండికి మార్పులు, కంపెనీవారి పూచీ



ఈనాటి నా ప్రసంగవిషయము మోటారుకారు. కారు నడుపు విధానము గాని, కొను విధానము గాని నేను చెప్పబోవుట లేదు. కొన్న కారునకు మార్పులు చేయించినచో, దానితోపాటు కంపెనీవారిచ్చిన పూచీ ఏమగును అను ప్రశ్నను గూర్చియే చెప్పదలచినాను. ఇది పడుచువాండ్ర గొడవ, మనకెందుకని మీరనుకొనవచ్చును. కాని పల్లెలలో కారు కొనునప్పుడు పత్తియో మిరపయో అమ్మిన సొమ్మునుండి మొదటి మూడు నాలుగు లక్షలు కట్టునది పెద్దవారు. బ్యాంకి అప్పు కాగితముమీద హామీదారుగా సంతకము చేయునదియు వారే. గేరుపెట్టె పాడై, లక్షల ఖర్చని చీటీ వచ్చిననాడు ఆ చీటీ చేరునదియు వారియొద్దకే. కావున ఈ సంగతి మీకు తెలిసియుండుట మేలు.

కొండవీటి దుర్గముపైకి ఘాట్ రోడ్డు ఏర్పడిన తరువాత సెలవుదినములలో గుంటూరునుండియు, చిలకలూరిపేటనుండియు, నరసరావుపేటనుండియు కార్లు విరివిగా వచ్చుచున్నవి. మలుపుకడ నిలిచి చూచినచో ఒక వింత కనబడును. ఒకే కంపెనీవి, ఒకే రంగువి రెండు కార్లు వచ్చుచుండును. ఒకటి తన మానాన తాను నెమ్మదిగా ఎక్కును. రెండవది గర్జించుచు, ఉరుకుచు పోవును. కొన్న వెల రెండింటికి ఒక్కటే. తేడా ఎక్కడిదని అడిగినచో రెండవదాని యజమాని, "ట్యూనింగు చేయించితినండీ" అని గర్వముతో చెప్పును. ఆ ట్యూనింగు అనునది ఏమో తెలిసినగాని, పూచీ ఎక్కడ తెగునో తెలియదు.

ముందు పూచీ మాట. వారంటీ అను ఇంగ్లీషు మాటకు మన పూచీ అను మాట చక్కగా సరిపోవును. బండిని తయారుచేయుటలో గాని, వాడిన సరకులో గాని లోపమున్నచో, ఇన్ని సంవత్సరములలోపల, లేక ఇన్ని వేల కిలోమీటర్లలోపల, ఏది ముందు వచ్చిన అంతవరకు, ఆ భాగమును ఉచితముగా బాగుచేసి ఇత్తుమని కంపెనీవారు వ్రాసియిచ్చు వాగ్దానమే పూచీ. అది లోపమునకు మాత్రమే. అరుగుదలకు, ప్రమాదమునకు, మోటుగా వాడుటకు, కంపెనీవారు ఒప్పని మార్పులకు అది వర్తింపదు. ఈ షరతులున్న పుస్తకము కారుతోడనే ఇత్తురు. అది కొండవీటి చాంతాడంత పొడవు. చదువువారు మాత్రము అరుదు. చాలమంది ఇండ్లలో అది కారు ముందరి అరలో, అద్దములు తుడుచు గుడ్డ క్రింద నుండును.

చాంతాడనగానే నాకు మంచి పోలిక దొరకినది. కొండవీటి సీమలో బావులు లోతైనవగుటచే చాంతాళ్లు పొడవైనవని ఆ సామెత పుట్టినదందురు. ఒక వర్తకుడు మీకు చాంతాడొకటి అమ్మి, "ఈ తాడు బిందెడు నీళ్లను రెండేండ్లు తోడును, ఈలోగా పురి విడినచో క్రొత్తది ఇత్తును" అని పూచీపడెననుకొందము. మీరు బిందె విప్పి, పెద్ద పీపా కట్టి తోడితిరి. తాడు తెగినది. వర్తకుడు క్రొత్త తాడు ఇయ్యడు, ఇయ్యనక్కర లేదు. కాని అదే వర్తకునియొద్ద మీరు కొన్న నీళ్లతొట్టి అతుకు విడి కారుచున్నదనుడు. "నీవు బావికడ బిందె మార్చితివి గనుక తొట్టికిని నా పూచీ లేదు" అని వాడన్నచో మీరు ఒప్పుదురా? ఒప్పరు. కారు పూచీ తగవులన్నియు ఈ రెండు మాటలలోనే ఇమిడియున్నవి. తాడు తెగిన తగవు ఒకటి, తొట్టి కారిన తగవు మరియొకటి. డీలరు రెండింటిని ఒకే గాట కట్టజూచును. పడుచువాడు రెండింటిని కంపెనీ నెత్తిన రుద్దజూచును.

ఇక ఇంజను లోనికి పోవుదము. ఈనాటి వేగపు కార్లలో టర్బో అను పరికరము కలదు. ఇంజను వదలిన వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రముతో ఒకే ఇరుసున కూర్చిన రెండవ చక్రము బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపును. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొలది బొగ్గు రగులునట్లు, గాలి ఎక్కువైనకొలది పెట్రోలు ఎక్కువ మండించవచ్చును; బలము పెరుగును. ఎంత గాలి ఒత్తవలెను, ఎంత పెట్రోలు చిమ్మవలెను, ఏ క్షణమున నిప్పు రగిలించవలెను అను నిర్ణయములన్నియు ఒక చిన్న కంప్యూటరు చేయును. దానిని ఈసీయూ అందురు. నేను దానిని బండి కరణమని పిలుచుచుందును. కరణపు ఉద్యోగములు మన రాష్ట్రమున 1984లో పోయినవి గాని, కరణము లెక్క ఎట్టిదో మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఊరిలో ఏమి జరిగినను ఆ చిట్టాలో పడియుండెడిది గదా. ఈ కరణము చిట్టాయు అట్టిదే.

ట్యూనింగు అనగా ఈ కరణము చేతి లెక్కను మార్చుట. తిత్తిని ఇంకను గట్టిగా ఊదుమని, పెట్రోలు మరికొంత పోయుమని క్రొత్త లెక్క వ్రాయుదురు. బండిలో ఒక మర కూడ క్రొత్తగా బిగింపకుండ, ఒక పూటలో బలము పెరుగును. ఇందులో మోసమేమియు లేదు. బలము నిజముగానే పెరుగును. అయినచో కంపెనీవారే ఆ బలము ముందుగా ఏల ఇయ్యలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో సగము సంగతి తెలిసినట్లే. కంపెనీవాడు ఒకే ఇంజనును మంచు కురియు దేశమునకును, రెంటచింతల ఎండకును అమ్మవలెను. మంచి పెట్రోలు దొరకు చోటను, నాసి పెట్రోలు దొరకు చోటను అది నడువవలెను. నూనె సకాలమున మార్చువాని చేతిలోను, మార్చనివాని చేతిలోను బ్రతుకవలెను. అందుచే వాడు కొంత బలమును వాడక మిగిల్చి యుంచును. రైతు విత్తనపు గింజలను తినక దాచునట్టిదే ఈ మిగులు. ట్యూనింగువాడు అమ్మునది ఆ మిగులునే. వేసవి మధ్యాహ్నము గాలి వేడెక్కి పలుచబడి, ఇంజను లోపల మంట వేళ తప్పి, లోహముమీద సుత్తిదెబ్బవలె కొట్టునప్పుడు కాపాడవలసినది ఆ మిగులే గదా.

ఇంజను ఒక్కటియే కాదు. ఇంజను బలము క్లచ్చి ద్వారా గేరుపెట్టెకు, అచ్చటినుండి ఇరుసులకు పోవలెను. ఆ దారిలో ప్రతి భాగమునకు ఒక మోత కలదు. ఒక మీటరు పొడవుగల గునపమును ఒక చివర ఇరుసునకు బిగించి, రెండవ చివర ఇరువదియైదున్నర కిలోల బరువు వ్రేలాడదీసినచో, ఇరుసుమీద పడు త్రిప్పుబలము ఇంచుమించు 250 న్యూటన్ మీటర్లు. ఫోక్స్‌వ్యాగన్‌వారి వర్టస్, టైగన్ కార్లలో పెద్దదైన 1.5 లీటరు టర్బో ఇంజను బలము 150 గుఱ్ఱములు. దాని త్రిప్పుబలము సరిగా 250. దానికి జోడించిన ఏడు గేర్ల పెట్టెకు డీ.క్యూ.200 అని పేరు. అందులో నూనెలో మునుగని రెండు పొడి క్లచ్చిలుండును. ఆ పెట్టె ఎంత త్రిప్పుబలమునకు నిర్మింపబడినదని చూచినచో, అదియు 250కే. తాడును, బిందెయు సరిగా సరిపోయినవి. ఇప్పుడు కరణము లెక్క మార్చి బలమును ఐదవవంతు పెంచితిమనుకొందము, 300 అగును. ఆ పైబడిన ఏబదిని మోయునది ఎవరు? కొన్నాళ్లు క్లచ్చి పలకలు మోయును. జారుచు, కాలుచు, వాసన కొట్టుచు మోయును. పిమ్మట మోయవు.

ట్రాక్టరున్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. డీజిలు పంపు మర త్రిప్పి నూనె ఎక్కువ పోవునట్లు చేసినచో ట్రాక్టరు రెండాకులు ఎక్కువ చదివినట్లు లాగును, పొగ నల్లగా వచ్చును. అందుకే కంపెనీవారు ఆ పంపునకు ముద్ర వేయుదురు. ముద్ర తెగియున్నచో పూచీ అడుగుటకు మొగము చెల్లదు. కారు కరణమునకు కంటికి కనబడు ముద్ర లేదు గనుక, తిరిగి పాత లెక్క వ్రాయించి సర్వీసునకు తీసికొనిపోయిన ఎవరికి తెలియునని పడుచువాండ్ర ధైర్యము. తెలియును. చిట్టా ఎన్నిమారులు తిరుగ వ్రాయబడినదో ఆ కంప్యూటరు తానే లెక్క పెట్టుకొనును. పాత లెక్క తిరిగి వ్రాసినను, ఆ సంఖ్య ఒకటి పెరుగునేగాని తరుగదు. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కంపెనీల పద్ధతిలో సర్వీసు కేంద్రమువారు బండి లెక్కను కంపెనీ కంప్యూటరుతో పోల్చి చూతురు. కలియనిచో ఆ బండి సంఖ్యకెదుట టీ.డీ.1 అను గుర్తు పడును. ఆ గుర్తు గుంటూరులో పడిన, హైదరాబాదులో కనబడును. అటుపై ఇంజను, గేరుపెట్టెల పూచీ కోరినచో మొదట అడ్డుపడునది అదియే.

కరణమును ముట్టక, వానికి వార్త తెచ్చు తలారిని లోబరచుకొను పద్ధతి వేరొకటి కలదు. డీజిలు బండ్లలో గొట్టపు ఒత్తిడిని కొలుచు సాధనమునకును, కంప్యూటరునకును నడుమ చిన్న పెట్టె నొకదానిని తగిలింతురు. ఒత్తిడి ఉన్నదానికంటె తక్కువగా ఉన్నదని అది అబద్ధము చెప్పును. నమ్మిన కరణము ఒత్తిడిని పెంచును. పెట్టెను ఊడదీసినచో చిట్టాలో తిరుగ వ్రాసిన గుర్తుండదు. కాని అతిగా వేడెక్కిన భాగములు, మసి, అరిగిన పలకలు సాక్ష్యము చెప్పకపోవు. అబద్ధమాడి పూచీ క్రింద సొమ్ము రాబట్టుట, ఆ సొమ్ము ఎంతదైనను, మోసమేయని నా అభిప్రాయము. ఈ ప్రసంగము అట్టివారికి దారి చూపుటకు గాదు.

డీలరు మాట యేమన, పూచీ ఇచ్చువాడు వాడు కాడు, కంపెనీ. డీలరు పూచీ క్రింద పనిచేసి, ఆ ఖర్చును కంపెనీనుండి రాబట్టుకొనును. కంపెనీ ఒప్పనిచో నష్టము వానిది. అందుచే వాడు భయపడి, అనుమానమున్నచోట ముందుగానే కాదనును. అది దుర్మార్గముకంటె వ్యాపారభీతి అనుటయే న్యాయము. కాని అమ్మునప్పుడు ఆ భీతి కనబడదు. "సైలెన్సరు మార్చుకొనుడు, పెద్ద చక్రములు వేసికొనుడు, ఏమియు కాదు" అని అమ్మకపు కుఱ్ఱవాడు నోటిమాటగా చెప్పును. ఆ మాట కంపెనీని కట్టివేయదు. గోవాలో ఒక డీలరు 2009 నాటి కారును 2011 నాటిదని అంటగట్టెనను తగవులో, సుప్రీముకోర్టువారు 2021లో తీర్పు చెప్పుచు, కంపెనీకిని డీలరునకును ఉన్నది ఇద్దరు యజమానుల నడుమ సంబంధమేగాని నౌకరు సంబంధము కాదనియు, తనకు తెలియని డీలరు చేష్టకు కంపెనీ బాధ్యత వహింపదనియు తేల్చిరి. కావున డీలరు ఏ మార్పునకు ఒప్పుకొన్నను, ఆ మాటను కాగితముపై తీసికొనవలెను. కంపెనీవారి స్వంత సామానును వారే బిగించి, బిల్లులో వ్రాసినచో చింత లేదు.

ఒక తగవు నేను దగ్గరనుండి చూచితిని. కొండవీటి చుట్టుపట్ల గ్రామమునుండి పెద్దమనిషి యొకరు కాగితముల సంచితో నాయొద్దకు వచ్చిరి. ఆయన మనుమడు హైదరాబాదులో ఉద్యోగి. కారు తాత పేరిటనే కొన్నారు. మనుమడు రెండవ యేట ట్యూనింగు చేయించెను. ఎనిమిది నెలలకు గేరుపెట్టె కొట్టుకొనసాగినది. అదే నెలలో చల్లగాలి యంత్రము కూడ ఆగిపోయినది. సర్వీసు కేంద్రమువారు, "బండికి మార్పు చేసినారు, పూచీ మొత్తము రద్దయినది" అని ఫోనులో చెప్పి ఊరకుండిరి. తాతగారు నన్నడిగినది ఒకటే మాట: "మొత్తము అనగా మొత్తమేనా అండీ?"

ఆ మాటలోనే తగవంతయు ఉన్నది. వ్రాతపూర్వకముగా కాదన్నారా అని నేనడిగితిని. లేదనిరి. అప్పుడు నేను చెప్పినది ఇది: ఫోనులో వాదింపవలదు. ఒక్కొక్క భాగము పేరు వ్రాసి, ఏ భాగమును ఏ కారణమున కాదనుచున్నారో, పూచీ పుస్తకములోని ఏ షరతు ప్రకారము కాదనుచున్నారో వ్రాసియిమ్మని అడుగుడు. ఆ ఉత్తరము వచ్చుటకు మూడు వారములు పట్టినది. గేరుపెట్టె విషయమున వారు గట్టి కారణమే వ్రాసిరి. కంప్యూటరు చిట్టా రెండుమారులు అనుమతిలేక వ్రాయబడినది. క్లచ్చి పలకలు కాలి నీలిరంగు తిరిగినవి. ఛాయాచిత్రములు జతచేసిరి. చల్లగాలి యంత్రము ఎదుట మాత్రము "మార్పు చేసిన బండి" అను మాట తప్ప కారణము లేదు. క్లచ్చి కాలుటకును, చల్లగాలి యంత్రపు అతుకు విడుటకును సంబంధమేమో చూపుడని తాతగారు కంపెనీవారికే నేరుగా వ్రాసిరి. ప్రభుత్వము వారి వినియోగదారుల సహాయ సంఖ్య 1915కును ఫోను చేసిరి. అచ్చట తెలుగులోనే మాట్లాడవచ్చును. నెల తిరుగకముందే చల్లగాలి యంత్రమును ఉచితముగా మార్చి ఇచ్చిరి. గేరుపెట్టె మీద కూడ కోర్టుకు పోవుదమని తాతగారి పట్టు. పోవలదంటిని. కాలిన పలక ఎదుట ఏ వకీలు మాటయు నిలువదని నా నమ్మకము. ఆయన సొమ్ము కట్టిరి. నామీద కోపము కొన్ని నెలలు నిలుపుకొనిరి.

"మొత్తము రద్దు" అను మాటను గూర్చి మన దేశములో పెద్ద విచారణ యొకటి జరిగినది. కారు భాగములు బయటి బజారులో దొరకనీయక, బయటి మెకానిక్కులకు సాధనములు అందనీయక, కంపెనీలు కొనుగోలుదారులను తమ డీలర్లకే కట్టివేయుచున్నవని 2011లో ఒక ఫిర్యాదు కాంపిటీషన్ కమిషను ముందుకు వచ్చెను. 2014 ఆగస్టు 25న ఆ కమిషను పదునాలుగు కారు కంపెనీలకు మొత్తముమీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. మారుతీ, టాటా, మహీంద్రా మొదలు టయోటా, హోండా, ఫోక్స్‌వ్యాగన్ వరకు అందులో నున్నవి. కంపెనీలు అప్పీలునకు పోగా, 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు టయోటా, ఫోర్డు, నిస్సాన్ కంపెనీల విషయమున తప్పును సమర్థించి, జరిమానా లెక్కను మాత్రము తగ్గించెను. మనకు కావలసినది జరిమానా కాదు, ఆ 2014 ఉత్తరువులోని ఒక ఆదేశము. బయటి మెకానిక్కుచేత పని చేయించినంతమాత్రమున పూచీ అంతయు రద్దగునను గంపగుత్త షరతు పెట్టరాదు. బయట చేసిన చెడుపని వలన ఎంత నష్టము కలిగెనో అంతమేరకే పూచీని త్రోసిపుచ్చవచ్చును. తాడునకు తాడు, తొట్టికి తొట్టి అని నేను చెప్పినది ఇదియే. అయితే ఆ ఉత్తరువు మరమ్మతులను గూర్చినది, బలము పెంచు మార్పులను గూర్చినది కాదు. దానిలోని న్యాయమును మార్పులకును అన్వయింపుడని అడుగవచ్చును గాని, అదియే చట్టమని గర్జింపరాదు.

అమెరికాలో ఈ విషయమున 1975లోనే చట్టము వచ్చినది. మాగ్నుసన్-మాస్ చట్టమని దాని పేరు. కంపెనీ తన పేరున్న సామానునే వాడవలెనని షరతుపెట్టి పూచీని దానికి ముడివేయుట ఆ చట్టము సాధారణముగా నిషేధించినది. మన పిల్లలు వేలకొలది అచ్చట నున్నారు. అచ్చటి కార్ల ముచ్చట్లు ఇచ్చటి తమ్ములకు చెప్పుదురు. అవి విని వచ్చి గుంటూరు డీలరు బల్లముందు ఆ చట్టము పేరు చెప్పి కేకలు వేయు పడుచువాండ్రను చూచితిని. అమెరికా చట్టము అమెరికాకే. అయినను ఆ చట్టము క్రింద సయితము, పెంచిన బలము వలన పగిలిన గేరుపెట్టెకు కంపెనీ బాధ్యత వహింపనక్కర లేదు.

పూచీ పోవుట ఒకటి, చట్టము తప్పుట వేరొకటి. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన తగవులో సుప్రీముకోర్టువారు దీనిని గట్టిగా నిలిపిరి. అదే సంవత్సరమున సవరించిన చట్టము, అట్టి మార్పు చేయించిన యజమానికి ఆరు నెలలవరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. యజమాని అనగా పత్రములో పేరున్నవాడు. తాత పేరిట బండి, మనుమని ముచ్చట అయినచో నోటీసు వచ్చునది తాతకే. చెవులు చిల్లులుపడు సైలెన్సరునకు వేరుగా శిక్ష కలదు. గ్యాసు కిట్టు వంటివి అనుమతితో, ఒప్పుకొన్న సామానుతో బిగించి, పత్రములో నమోదు చేయించినచో తప్పు కాదు.

బీమావారి సంగతియు అంతే. పాలసీ వ్రాసికొనునాడు బండి ఎట్లున్నదో ఆ లెక్కకే వారు రుసుము తీసికొందురు. తరువాత చేసిన మార్పు వారికి చెప్పనిచో, బండి దెబ్బతిన్ననాడు పరిహారమున కోత పడవచ్చును, అసలే కాదనవచ్చును. ముఖ్యముగా దీపముల తీగలు కోసి అతుకులు వేయుట మిక్కిలి చెడ్డ అలవాటు. నూరు రూపాయల హారను మార్పునకు తీగలు కోసి, బండి విద్యుత్తు అమరిక అంతటికిని పూచీ పోగొట్టుకొన్నవారున్నారు. నిప్పు అంటుకొనుటకు కూడ అట్టి అతుకులే మొదటి దారి.

తొట్టి తగవులో న్యాయము మీ పక్షముననుండి డీలరును కంపెనీయు వినకున్నచో, జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలై 20నుండి అమలులోనికి వచ్చినది. దానివలన ఒక మేలు జరిగినది: కొన్న చోటనే గాక, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కారునకు చెల్లించిన వెల 50 లక్షలు మించనిచో జిల్లా కమిషనే విచారించును. 5 లక్షలలోపు వెలకు రుసుము లేదు. 10 లక్షలవరకు 200, 20 లక్షలవరకు 400, 50 లక్షలవరకు 1,000 రూపాయలు. వకీలు లేకయే మీరు స్వయముగా మాట్లాడవచ్చును. లోపము పరీక్ష లేక తేలనిదైనచో ఆ భాగమును ప్రయోగశాలకు పంపించు అధికారము కమిషనునకు కలదు. దాని రుసుము మొదట ఫిర్యాదీ కట్టవలెను. అందుచే పాడైన భాగమును డీలరు పారవేయకుండ జాగ్రత్తపడుడు. బండి వర్క్‌షాపులో విడుచునాడు జాబు కార్డు అను చీటీమీద మీ ఫిర్యాదును మీ మాటలలోనే వ్రాయించి, నకలు తీసికొనుడు. "సాధారణ తనిఖీ" అని వ్రాసి సంతకమడుగుదురు, పెట్టవలదు. లోపము బయటపడి తగవు పుట్టిననాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు పడవలెను. మంచిమాటలతో నెలలు గడపు డీలర్లున్నారు గనుక ఆ తేదీని గోడమీద వ్రాసియుంచుకొనుడు.

ఇంతచెప్పినను పిల్లలు మార్పులు మానుదురని నేననుకొనను. వేగముమీద మక్కువ వయస్సుతో వచ్చునది. మన తరమున ఎడ్లబండ్ల పందెములకు అదే మక్కువ. మానలేనివానికి నేను చెప్పునది, పూచీ గడువు తీరువరకు ఆగుమని. చక్రములు మార్చదలచినచో డ్రైవరు తలుపు ప్రక్కనుండు చీటీమీద కంపెనీవారు ఒప్పుకొన్న కొలతలుండును. వానిని దాటకున్న చాలును. బలము పెంచియే తీరుదునన్నచో, గేరుపెట్టెకు పట్టు ఖర్చును ముందుగా విచారించి, ఆ సొమ్ము తన జీతములోనుండి వేరుగా దాచి చూపుమనుడు. మా యెఱుకలోని యొక పెద్దాయన తన మనుమని ఇట్లే అడిగెను. ఆ కుఱ్ఱవాడు వెల విచారించి వచ్చి, మరి మాట్లాడలేదు.

పాత కారు కొనువారు ఇంకను జాగ్రత్త పడవలెను. పూచీ బండితో పోవును. ఎవరు యజమానియైనను మిగిలిన గడువు క్రొత్తవానికి వచ్చును. పూచీతోపాటు కరణము చిట్టాయు వచ్చును. మొదటి యజమాని చేయించిన మార్పు, అమ్మునాటికి తీసివేసినను, గుర్తుగా నిలిచియుండవచ్చును. బేరము కుదుర్చుకొనుటకు ముందే ఆ బండిని కంపెనీ సర్వీసు కేంద్రమునకు తీసికొనిపోయి, చాసిస్ సంఖ్యనుబట్టి పూచీ చెల్లుబాటులో నున్నదా, మార్పు గుర్తేమైన పడియున్నదా అని విచారించి, చెప్పిన జవాబును తేదీతో వ్రాయించి తీసికొనుడు. ఆ పరీక్షకు కొద్దిపాటి సొమ్మును, ఒక పూటయు పట్టును. అమ్మువాడు అందుకు ఒప్పకున్నచో వేరు బండి చూచుకొనుడు.